'మాత్రమే' అనే మాట

ఆటల గురించి ఈ పత్రికలో వ్యాసమేమిటని కొందరు మిత్రులు అడుగుతారని నాకు తెలుసు. అదీ ఎక్కడో అమెరికాలో పుట్టిన ఆట. రాక్షసులూ, మంత్రగాళ్ళూ, నేలమాళిగలూ, నిధులూ ఉన్న ఆట. తీరని సమస్యలు ఇన్ని ఉండగా కాలక్షేపపు ఆటలోని నియమాలకు భాష్యం చెప్పుకుంటూ కూర్చోవడం ఒక లెక్చరరుకు తగునా అంటే నా దగ్గర గొప్ప సమాధానమేమీ లేదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. అధికారం చేతిలో ఉన్నవాడు నియమాన్ని ఎలా చదువుతాడన్న ప్రశ్నను నేను పుస్తకాలలో చదివాను, తరగతిలో పాఠంగా చెప్పాను, సభలలో ఉపన్యసించాను. అది నాకు నిజంగా తగిలినది మాత్రం ఒక ఆదివారం సాయంత్రం మా ఇంటి భోజనాల బల్ల దగ్గర, పాచికల మధ్య.

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు కల్పించిన ఈ ఆట 1974లో మూడు చిన్న పుస్తకాలుగా అచ్చయింది. మొదటి ముద్రణ వెయ్యి ప్రతులు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒక్కొక్కరూ ఒక్కొక్క పాత్ర ధరిస్తారు. ఒకరు ఖడ్గవీరుడు, ఒకరు మంత్రగాడు, ఒకరు పూజారి. ఒక్కడు మాత్రం ఏ పాత్రా ధరించడు. మిగిలిన లోకమంతా అతనిదే. "మీ ఎదుట ముప్పై అడుగుల రాతి గోడ ఉన్నది. పైన కావలివాడు కునికిపాట్లు పడుతున్నాడు" అని అతడు చెబుతాడు. "నేను గోడ ఎక్కుతాను" అని వీరుడంటాడు. ఎక్కగలడా లేదా అన్నది కొంత పుస్తకం చెబుతుంది, కొంత పాచిక చెబుతుంది. ఆ రెండూ నోరు మూసుకున్నచోట అతడే చెబుతాడు. ఆ ఆటవాళ్ళు అతనిని డంజన్ మాస్టర్ అంటారు. నేను మధ్యస్థుడంటాను. ఆ మాటలో కనీసం ఇరుపక్షాలకూ జవాబు చెప్పుకోవాలన్న స్ఫురణ ఉన్నది.

ఈ ఆటను మా ఇంటికి తెచ్చినవాడు నా పూర్వవిద్యార్థి. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ సెలవులకు వచ్చినపుడు ఒక లావుపాటి పుస్తకం, సంచీడు పాచికలు మోసుకొచ్చాడు. పుస్తకం 1978 నాటి ఆటగాళ్ళ గ్రంథం. 2012లో మళ్ళీ అచ్చు వేసినది. ఆ సెలవులు పూర్తయ్యేలోపల మా కళాశాల విద్యార్థులు నలుగురు మరిగారు. అతను వెళ్ళిపోయాక మధ్యస్థుడు కావలసి వచ్చి నన్ను కూర్చోబెట్టారు. ఆట తెలిసి కాదు. కథ చెప్పడం మాస్టారి పనే కదా అని.

ఇక ఆ గోడ సంగతి. 1974 నాటి పుస్తకాలలో వీరుడూ మంత్రగాడూ పూజారీ తప్ప దొంగ అనే పాత్ర లేదు. ఎవరైనా గోడ ఎక్కుతానన్నా, పీపా వెనుక నక్కుతానన్నా మధ్యస్థుడు సందర్భాన్ని చూసి సరే అనేవాడు, లేదా పాచిక వెయ్యమనేవాడు. 1975లో 'గ్రేహాక్' అనే అనుబంధం వెలువడింది. అందులో దొంగ వచ్చాడు. అతనికి తాళాలు తీయడం, చప్పుడు లేకుండా నడవడం, నీడలో దాగడం, గోడలు ఎక్కడం మొదలైన సామర్థ్యాలు ఇచ్చి, వాటికి నూటికి ఇంత అని లెక్క కట్టారు. 1978 గ్రంథం ప్రకారం మొదటి మెట్టులో ఉన్న దొంగకు గోడ ఎక్కడం నూటికి 85 పాళ్ళు సాధ్యం. తాళం తీయడం 25, చప్పుడు లేని నడక 15, నీడలో దాగడం 10. ఆ పట్టికలో వీరుని ఊసు లేదు, మంత్రగాడి ఊసు లేదు.

అప్పటినుంచి తగవు మొదలయింది. దొంగకు గోడ ఎక్కే శక్తిని వ్రాసి ఇచ్చారంటే మిగిలినవారికి అది పోయినట్లా? పోయిందనేవారి వాదం తేలికగా తీసివేయదగినది కాదు. అందరూ ఎక్కగలిగితే ఇక దొంగ పాత్ర ఎందుకు? వాడికి కత్తి బలం లేదు, మంత్రం లేదు. ఉన్న నాలుగు విద్యలూ అందరివీ అయితే ఆ పాత్ర ధరించినవాడు అన్యాయమైపోతాడు. ఇది వృత్తి గౌరవం గురించిన వాదం, అందులో న్యాయం ఉన్నది. కాని ఆ వాదాన్ని చివరిదాకా తీసుకుపోతే వింత జరుగుతుంది. దాగడమే వృత్తిగా గల దొంగ పదిసార్లలో తొమ్మిదిసార్లు పట్టుబడతాడు. దాగడం తెలియని పూజారి తెర వెనక్కి వెళ్ళి నిలబడితే, పట్టిక లేదు కనుక, చాలామంది మధ్యస్థులు పాచికైనా అడగకుండా సరే అంటారు. అలా అనని మధ్యస్థుడు నీకు ఆ విద్య లేదు కనుక తెర వెనక నిలబడడం కూడా చేతకాదు అనవలసి వస్తుంది. రెండూ అసంబద్ధమే.

పాత ఆటగాళ్ళు దీనికి ఒక చక్కని దారి కనిపెట్టారు. పీపా వెనుక నక్కడం ఎవరైనా చేయగలరు. దొంగకు ఇచ్చిన పదిపాళ్ళు అందుకు కాదు. ఏ అడ్డూ లేనిచోట, ఒట్టి నీడలో, కళ్ళెదుటనే కనబడకుండా నిలబడగల విద్యకు అవి పదిపాళ్ళు. అలాగే కాలుపెట్టే పట్టున్న గోడను ఎవరైనా ఎక్కవచ్చు; నున్నటి గోడను దొంగ ఎక్కుతాడు. అంటే వ్రాసి ఇచ్చినది అందరికీ ఉన్నదాని మీద అదనం. ఒకరికి ఇవ్వడమంటే మరొకరి దగ్గర లాక్కోవడం కాదు. 2000లో వెలువడిన మూడవ కూర్పులో ఎక్కడం, దాగడం వంటి నైపుణ్యాలను ఏ పాత్ర అయినా ప్రయత్నించవచ్చునని స్పష్టంగా వ్రాశారు. పాతికేళ్ళు పట్టింది.

ఈ తగవును చదువుతుంటే నాకు ఎం.ఏ. రోజులు జ్ఞాపకం వచ్చాయి. అలంకారశాస్త్రంలో పరిసంఖ్య అనే అలంకారం చెప్పేటపుడు మా గురువుగారు ఆ మాట మీమాంసలోనిదని చెప్పి, విధులు మూడు రకాలని వివరించేవారు. మరే విధంగానూ తెలియనిదానిని చెప్పేది అపూర్వవిధి. అనేక మార్గాలున్నపుడు ఒక మార్గాన్నే పట్టుకొమ్మనేది నియమవిధి; ధాన్యపు పొట్టు గోళ్ళతో ఒలిచినా పోతుంది, కాని దంచియే తీయాలనడం వంటిది. మూడవది పరిసంఖ్యావిధి. అయిదు గోళ్ళున్న జంతువులలో అయిదింటిని తినవచ్చునని చెప్పినపుడు, తినమని చెప్పడం దాని తాత్పర్యం కాదు, మిగిలినవాటిని తినవద్దనడమే తాత్పర్యం. పైకి అనుమతి, లోపల నిషేధం. దొంగ గోడ ఎక్కగలడు అనే వాక్యం అపూర్వవిధా, పరిసంఖ్యా? అమెరికా కుర్రవాళ్ళు యాభై ఏళ్ళుగా కొట్టుకుంటున్నది సరిగ్గా దీని మీదనే.

ఇక్కడ మీమాంసకులు చెప్పిన మరొక మాట గుర్తుంచుకోదగినది. పరిసంఖ్యగా అర్థం చెప్పడంలో మూడు దోషాలున్నాయని వారే ఒప్పుకున్నారు. వాక్యం చెప్పిన సొంత అర్థాన్ని వదులుకోవడం ఒకటి. చెప్పని అర్థాన్ని కల్పించడం రెండు. అంతకుముందే లభించి ఉన్నదానిని తోసివేయడం మూడు. కనుక గత్యంతరం లేకపోతే తప్ప అలా చదవరాదన్నారు. అంటే యజ్ఞయాగాల కోసం ఇంత శాస్త్రం కట్టిన ఆ పండితులు కూడా, మౌనాన్ని నిషేధంగా చదివేవాడి మీదనే బరువు మోపారు.

మోపారు గాని, అవసరమైనచోట దించేసుకున్నారు. జైమిని సూత్రాలలో ఆరవ అధ్యాయం మొదటి పాదంలో యజ్ఞం చేసే అధికారం ఎవరికి ఉన్నదన్న చర్చ వస్తుంది. బ్రాహ్మణుడు వసంతంలో అగ్నిని నెలకొల్పాలి, క్షత్రియుడు గ్రీష్మంలో, వైశ్యుడు శరత్తులో అని వేదవాక్యం. శూద్రునికి ఋతువు చెప్పలేదు. కాబట్టి శూద్రునికి అగ్ని లేదు, అగ్ని లేదు గనుక యజ్ఞం లేదు. ఈ వాదానికి ఎదురుచెప్పిన ఒక ఆచార్యుని పేరు ఆ సూత్రాలలోనే మిగిలింది. ఆయన బాదరి. ఆ వాక్యం ముగ్గురికి కాలం నిర్ణయిస్తున్నది తప్ప నాలుగవవానిని వెళ్ళగొట్టడం లేదనీ, అధికారం అందరిదీ అనీ ఆయన అన్నాడు. జైమిని దానిని త్రోసిపుచ్చాడు, మరికొన్ని వాదాలు కూడా చేర్చి తలుపు మూశాడు. బాదరి వాదం పూర్వపక్షంగా మిగిలిపోయింది. బాదరిని చదివినపుడల్లా నాకు ఒకటే ఆశ్చర్యం. ఆయన విప్లవకారుడేమీ కాదు. కొత్త వేదం వ్రాయమని అడగలేదు. ఉన్న వాక్యంలో లేని 'మాత్రమే'ను మీరు చేర్చకండి అన్నాడు, అంతే.

కాగితం మీది బొమ్మ వీరునికీ, తరతరాలుగా చదువుకు దూరమైన మనుషులకూ పోలికా అని ఎవరైనా కోప్పడవచ్చు. నష్టంలో పోలిక లేదు. పోలిక చదివే తీరులోనే. మన్యంలోనూ ఇదే తీరు. 1878 నాటి అటవీ చట్టం ప్రకారం గడువులోగా వచ్చి చెప్పుకుని వ్రాయించుకోని హక్కు హక్కే కాకుండా పోయింది. మద్రాసు రాజధానికి 1882లో వేరే చట్టం వచ్చింది. పోడు మీద, అడవి మీద బ్రతికే గిరిజనుడు తన తాతల నాటి నడకను ఎవరి దగ్గర వ్రాయించుకుంటాడు? 1922–24 నాటి రంప పితూరీ వెనుక ఉన్న కారణాలలో ఈ అడవి ఆంక్షలు ఒకటి.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి.

ఆ ఆదివారం కోట గోడ దగ్గర ఆట ఆగింది. వీరుని పాత్ర ధరించిన కుర్రవాడు తాడు వేసి ఎక్కుతానన్నాడు. దొంగ పాత్ర ధరించినవాడు ఒప్పుకోలేదు. పుస్తకం తెరిచి పట్టిక చూపించాడు. "గోడ ఎక్కే విద్య నాకు వ్రాశారు మాస్టారూ, వాడికి వ్రాయలేదు" అన్నాడు. నాకు ఉత్సాహం వచ్చింది. బాదరిని, పరిసంఖ్యా దోషాలను, పైన వ్రాసినదంతా ఒక పావుగంట ఉపన్యసించి, చివరకు పుస్తకం మీద వేలు పెట్టి, "ఇందులో దొంగ ఎక్కగలడని ఉన్నది. దొంగ మాత్రమే ఎక్కగలడని ఎక్కడున్నది? ఆ 'మాత్రమే' నీది, పుస్తకానిది కాదు" అన్నాను. వీరుడు గోడ ఎక్కాడు. అందరూ నవ్వారు. దొంగ కుర్రవాడు కూడా నవ్వాడు.

పూజారి పాత్ర ధరించే అమ్మాయి నవ్వలేదు. టీ గ్లాసులు తీసేటపుడు నెమ్మదిగా అడిగింది. "మరి మా స్నేహితురాలి దరఖాస్తు మీద ఆ మాట ఎవరు వ్రాశారు మాస్టారూ?"

ఏ దరఖాస్తో చెప్పనక్కరలేదు. మా కళాశాలలో పరీక్షకు కూర్చోవాలంటే నూటికి 75 రోజుల హాజరు ఉండాలి. 65 దాకా ఉన్నవారికి, అనారోగ్యం, క్రీడలు, ఎన్.సి.సి. కారణాలపై మినహాయింపు ఇవ్వవచ్చునని నియమం. ఆ దరఖాస్తులు చూసే ముగ్గురిలో నేనొకడిని. ఆ అమ్మాయికి 68 ఉన్నది. రాని రోజులకు కారణం మిరపకాయ కోతలని, తల్లితో పాటు కూలికి వెళ్ళాననీ ఉన్నదున్నట్లు వ్రాసింది. నేను ఎర్ర సిరాతో "నియమావళిలో అవకాశం లేదు" అని వ్రాసి సంతకం పెట్టాను. మిగిలిన ఇద్దరూ దాని కిందనే సంతకాలు పెట్టారు. అదే రోజున అయిదు వైద్య ధ్రువపత్రాలను ఆమోదించాము. వాటిలో మూడు ఒకే డాక్టరు చేతివ్రాతలో, ఒకే జ్వరంతో ఉన్నాయి. ఆ కాగితాలు ఎలా వస్తాయో మాకు తెలియనిది కాదు. అబద్ధం నియమంలో ఇమిడింది, నిజం ఇమడలేదు. ఆమె ఆ సంవత్సరం పరీక్ష వ్రాయలేదు. తరువాత కళాశాలకు రాలేదు.

నేను వ్రాసిన వాక్యం అబద్ధమని ఆ సాయంత్రం నాకు తెలిసింది. నియమావళిలో అవకాశం లేదన్నది నిజం కాదు. నియమావళి ఆ కారణం గురించి ఏమీ చెప్పలేదన్నది నిజం. మొదటి వాక్యం వ్రాస్తే నిర్ణయం పుస్తకానిది అవుతుంది. రెండవది వ్రాస్తే నిర్ణయం నాదవుతుంది, దానికి కారణం నేను చెప్పవలసి వస్తుంది. బొమ్మ వీరుని విషయంలో బాదరినైన నేను కూలి తల్లి బిడ్డ విషయంలో జైమినినయ్యాను. పైగా జైమిని వాదించాడు. నేను వాదించనైనా లేదు.

ఈ సంగతి నా సహాధ్యాపకుడొకరికి చెప్పాను. ఆయన సూక్ష్మంగా ఆలోచించే మనిషి. "మౌనం నిషేధం కాదంటే ఇక అంతా చెల్లుబాటే గదా!" అన్నాడు. ఈ అభ్యంతరం ఆటలోనూ ఉన్నది, చాలా ప్రసిద్ధమైనది. 2014 నాటి ఐదవ కూర్పులో నీటిని సృష్టించే మంత్రం ఒకటి ఉంది. మూత లేని పాత్రలో పది గ్యాలన్ల దాకా మంచినీరు పుట్టించవచ్చు. కొందరు గడుసు ఆటగాళ్ళు, శత్రువు ఊపిరితిత్తులు కూడా మూత లేని పాత్రలే గదా, కాదని పుస్తకం చెప్పలేదు గదా అంటారు. దాహం తీర్చే మంత్రం ఒక్క మాటతో హత్యాయంత్రమైపోతుంది. ఇంకొకటి, నియమాల ప్రకారం ఒక మనిషి పక్కవాడికి వస్తువు అందించడం ఆరు సెకండ్ల విడతలోనే జరగవచ్చు. కనుక వేలమంది పేద రైతులను వరుసగా నిలబెట్టి, ఒక కర్రను చేతులు మారిస్తే, అది ఆ ఆరు సెకండ్లలోనే మైళ్ళు దాటి ఫిరంగిగుండులా తగులుతుందని వాదం. 2024 నాటి మధ్యస్థుల గ్రంథం ఈ వాదాన్ని తీసుకుని, ఆట నియమాలు భౌతికశాస్త్రం కాదని చెప్పవలసి వచ్చింది. ఆ వరుసలో నిలబడ్డ రైతులకు కూలి ఎంత ఇస్తారని మాత్రం ఎవరూ అడిగినట్లు లేదు.

ఈ గడుసువాదానికీ వీరుని గోడకూ తేడా ఉన్నదని నేననుకుంటాను. ఏ మనిషైనా కాళ్ళూ చేతులూ ఉంటే చేయగల పనిని నేను చేస్తానన్నపుడు, ఆపదలచినవాడు మాట చూపించాలి. పుస్తకమే లేకపోతే అసలు లేని శక్తిని, అందులోనూ మరొకరి మీద ప్రయోగించే శక్తిని నాకున్నదని నేనన్నపుడు, మాట చూపించవలసినవాడిని నేను. గోడ ఎక్కడం మొదటిది. ఎదుటివాడి ఊపిరితిత్తులలో నీళ్ళు నింపడం రెండవది. మొదటిదానికి మౌనం చాలు. రెండవదానికి చాలదు.

సహాధ్యాపకుడు ఇక్కడే పట్టుకున్నాడు. "అయితే నీ సూత్రం ప్రకారమే నీవు ఓడిపోయావు. మినహాయింపు ఎవరి కాళ్ళూ చేతులతోనూ వచ్చేది కాదు. నియమం ఇస్తేనే వస్తుంది. మరి ఆ అమ్మాయే మాట చూపించాలి."

ఆ వారమంతా నాకు ఇది మింగుడుపడలేదు. ఇప్పటికీ పూర్తిగా పడలేదు. చదువుకున్న పిల్ల పరీక్ష వ్రాయడం సహజం, ఆపే అధికారమే పుస్తకం మాకిచ్చినది, కనుక చూపించవలసినవాళ్ళం మేమేనని ఒక జవాబు చెప్పవచ్చు. కాని ఆపే మాట, 75 అన్న అంకె, స్పష్టంగానే ఉన్నది గదా. నాకు కొంత నమ్మకంగా తోచే జవాబు వేరు. ఆ జాబితాలోని మూడు కారణాలూ ఒకచోట ఎందుకు చేరాయి? జ్వరం వచ్చినవాడి తప్పు లేదు. ఆటలకు, కవాతుకు వెళ్ళినవాడు బాధ్యత మీద వెళ్ళాడు. మూడింటిలోనూ ఉన్నది ఒకటే: నిర్లక్ష్యం వల్ల కాని గైర్హాజరు. ఆ ప్రశ్న అడిగితే మిరప కోతలు ఎటు చేరతాయో చెప్పడానికి పాండిత్యం అక్కరలేదు. 'ఇవ్వవచ్చును' అన్న మాట ఉన్నది ఆ ప్రశ్న అడగమనే.

అడగవలసినది నియమంలోని కారణాన్ని గాని, నియమం వ్రాసినవాడిని కాదు. ఈ రెండూ ఒకటేనని నేను కూడా చాలాకాలం అనుకున్నాను. ఈ ఆట చరిత్ర నా అభిప్రాయం మార్చింది. సందేహాలకు సమాధానాలిచ్చే 'సేజ్ అడ్వైస్' అనే శీర్షిక డ్రాగన్ అనే పత్రికలో 1979లో మొదలయింది. 2015లో దానిని మళ్ళీ ప్రారంభించిన నియమకర్త జెరెమీ క్రాఫర్డ్, నియమాన్ని మూడు విధాలుగా చదవవచ్చునన్నాడు: వ్రాసినట్లు, ఉద్దేశించినట్లు, ఆట రక్తి కట్టేటట్లు. మంచి విభజనే. మరి ఆయనే ఒక తీర్పు ఇచ్చాడు. 2014 పుస్తకంలో అదృశ్యస్థితికి రెండు అంశాలు వేరువేరుగా వ్రాశారు. ఒకటి, అదృశ్యుడు కనబడడు. రెండు, అతని మీద దెబ్బ వేయడం కష్టం, అతడు వేసే దెబ్బ తేలిక. అదృశ్యులను చూడగలిగే మంత్రం వేసుకున్నవాడికి అతడు కనబడతాడు. కనబడ్డాక దెబ్బ వేయడం ఎందుకు కష్టం? రెండవ అంశంలో కనబడకపోతే అన్న షరతు లేదు గనుక అది అలాగే ఉంటుందని ఆయన తీర్పు. ఎదురుగా నిలబడ్డవాడు స్పష్టంగా కనిపిస్తున్నా కత్తి మాత్రం తడబడుతుంది! 2024 కూర్పులో ఆ వాక్యాన్ని దిద్దారు. చూడగలిగినవాడి ముందు ఆ లాభం ఉండదని వ్రాశారు. పదేళ్ళపాటు, ఆ తీర్పును తోసిపుచ్చిన ప్రతి మామూలు మధ్యస్థుడూ నియమకర్త కన్న నియమాన్ని సరిగా అర్థం చేసుకున్నాడు. 2019 దాకా ఆయన ట్విట్టరులో వ్రాసే రెండు ముక్కలకు కూడా అధికారిక హోదా ఉండేది. వేలమంది బల్ల దగ్గర ఆలోచించుకోవలసినదానిని ఒకనిని అడగడం అలవాటైంది. అధికారం పైనుంచి దిగివచ్చేచోట ఇలాగే ఉంటుంది, పైవాడు మంచివాడైనా సరే.

మధ్యస్థుడి అధికారం సంగతీ అంతే. 1979 నాటి మధ్యస్థుల గ్రంథం ముగింపులో గైగాక్స్, అక్షరం కన్న ఆట ఆత్మ ముఖ్యమని వ్రాశాడు. ఇంతవరకు బాగున్నది. కాని ఆ వెంటనే ప్రాధాన్యక్రమం చెబుతూ, మొదట ఆట, తరువాత మధ్యస్థుని కథాలోకం, ఆ తరువాత ఆడేవారు అన్నాడు. మనుషులు చివర! ఆయన పట్ల న్యాయంగా చెప్పాలంటే, పుస్తకాన్ని అడ్డుపెట్టుకుని బల్లను వేధించే వాదులాటగాళ్ళతో విసిగి వ్రాసిన మాట అది. వారిని నేనూ ఎరుగుదును. అయినా ఆ క్రమం నాకు మింగుడుపడదు. ఆత్మ పేరు చెప్పి అక్షరాన్ని దాటే అధికారం ఒక్కడి చేతిలో పెట్టి, ఆ ఒక్కడికి ఆడేవారిని చివర చూడమని చెబితే, అక్షరమే నయమనిపిస్తుంది.

నిజానికి అక్షరమే నయమైన సందర్భం ఈ ఆటలోనే వచ్చింది. ఆట ప్రస్తుతం విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే కంపెనీది. ఆ కంపెనీని 1999లో హాస్‌బ్రో కొన్నది. 2000లో విజర్డ్స్ ఒక బహిరంగ అనుమతిపత్రం ప్రకటించి, ఆట ప్రాథమిక నియమాలను వాడుకుని ఎవరైనా పుస్తకాలు వ్రాసుకోవచ్చునన్నది. దాని మీద ఆధారపడి చిన్న చిన్న రచయితలు, ప్రచురణకర్తలు ఎందరో బ్రతికారు. 2023 జనవరిలో, ఆ పత్రంలోని 'అధికృతమైన' ప్రతి అనే మాటను పట్టుకుని, పాత ప్రతిని ఇకపై అనధికృతం చేయవచ్చునని కంపెనీ తలపెట్టింది. ఆ మాటకు ఆ అర్థం ఉన్నదని ఇరవైమూడేళ్ళలో ఎవరూ అనుకోలేదు. ఆటగాళ్ళు తిరగబడ్డారు, చందాలు రద్దు చేసుకున్నారు. ఆ నెల 27న కంపెనీ వెనక్కి తగ్గి, ఐదవ కూర్పు ప్రాథమిక నియమాలను తిరిగి తీసుకోవడానికి వీలులేని క్రియేటివ్ కామన్స్ అనుమతి కింద పెట్టింది. ఇక్కడ బలహీనులకు కావలసి వచ్చినది ఉదారమైన వ్యాఖ్యానం కాదు, మెలి తిప్పడానికి వీలులేని గట్టి అక్షరం. కనుక అక్షరం ఎప్పుడూ దొరల పక్షం, ఆత్మ ఎప్పుడూ ప్రజల పక్షం అని మనవాళ్ళు కొందరు తేలికగా అనేమాటను నేను ఒప్పుకోను. కలం ఎవరి చేతిలో ఉన్నది, సందేహం వల్ల కలిగే నష్టం ఎవరి మీద పడుతున్నది అన్నవి చూడకుండా ఏ పద్ధతి మంచిదో చెప్పలేము.

మా బల్ల దగ్గర ఇప్పుడు కొన్ని అలవాట్లు ఏర్పడ్డాయి. పుస్తకం పలకనిచోట తీర్పు చెప్పేది నేనే అయినా, పాచిక వేయకముందే చెబుతాను, కారణంతో చెబుతాను. వాళ్ళు కాదనవచ్చు. ఒకసారి చెప్పిన తీర్పు అందరికీ వర్తిస్తుంది. పోయిన నెల అదే కోటలో, అదే గోడ మీదకు, రాత్రివేళ తాళ్ళు వేసుకుని గాబ్లిన్లు ఎక్కివచ్చి నిద్రపోతున్న వీరుడిని కట్టిపడేశాయి. ఆ కుర్రవాడు నోరు తెరవబోయి ఊరుకున్నాడు. పుస్తకంలో 'మాత్రమే' లేదు మరి.

దొంగ పాత్ర ధరించిన కుర్రవాడు మాత్రం నాకు ఒకటి చెప్పాడు, అది వ్రాయకపోతే అన్యాయం. ఆ రోజు నా తీర్పు సరైనదేనట. కాని ఒక పావుగంట ఉపన్యాసంలో తన పాత్ర ఏమైపోవాలన్న మాట ఒక్కసారి కూడా రాలేదట. నున్నటి గోడ తనది, పట్టున్న గోడ అందరిదీ అన్న సర్దుబాటు ఆ తరువాత వారం వాడే తెచ్చాడు. అదే ఇప్పుడు మా నియమం.

ఈ సంవత్సరం హాజరు దరఖాస్తులు మళ్ళీ వచ్చాయి. ఒక కుర్రవాడు రాత్రిపూట ఆటో నడుపుతానని, తెల్లవారి నిద్ర లేవలేక మొదటి గంట పాఠాలు పోయాయని వ్రాశాడు. అరవైఆరు ఉన్నది. ఈసారి నీలి సిరాతోనే వ్రాశాను: "ఈ కారణం గురించి నియమావళి ఏమీ చెప్పలేదు. నిర్లక్ష్యం కాదు గనుక మినహాయింపు ఇవ్వవచ్చునని నా అభిప్రాయం." దాని కింద రెండవ సభ్యుడు, "ఇలా అయితే రేపు అందరూ ఇదే చెబుతారు" అని వ్రాశాడు. మూడవ ఆయన సంతకం పెట్టి తేదీ వేశాడు గాని ఏమీ వ్రాయలేదు. కాగితం ప్రిన్సిపాలుగారి దగ్గరకు వెళ్ళింది. పరీక్ష రుసుము కట్టడానికి ఇంకా తొమ్మిది రోజులున్నది.